గోదారి ఉక్కలో గినీ పిగ్‌లకు నెమ్మదైన ఇల్లు ఎలా అమర్చాలి

పంజరం కొనడానికి బజారుకు బయల్దేరే ముందు మీ ఇంట్లోనే ఒకసారి తిరగండి. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, అదీ ఎండాకాలమైతే మరీ మంచిది. ఏ గదిలో కూర్చుంటే చెమట తక్కువ పడుతోంది, ఏ మూలకు మిక్సీ మోత, టీవీ గోల తక్కువ చేరుతున్నాయి, ఎక్కడ గోడ చెమ్మగా ఉంది అన్నవి చూసుకోండి. మన గోదావరి డెల్టాలో గినీ పిగ్‌ల (ఎలుకజాతికి చెందిన, తోక లేని చిన్న పెంపుడు జంతువుల) పెంపకంలో సగం పని అక్కడే తేలిపోతుంది. పంజరం రంగు, మెట్లు, బొమ్మలు అన్నీ తర్వాతి సంగతి.

ముందు చోటు

వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా వైపు మనుషులు వేల ఏళ్లుగా వీటిని పెంచుకుంటున్నారు. ఆ చలి కొండల జీవికి 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 27 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 30 దాటి, దానికి ఉక్క కూడా తోడైతే వడదెబ్బ తగలొచ్చు. మనలా వీటికి చెమట పట్టదు కాబట్టి ఫ్యాన్ గాలి మనకిచ్చే సుఖం వాటికి ఇవ్వదు. గదిలో గాలి ఆడటానికి మాత్రం ఫ్యాన్ పనికొస్తుంది. కూలర్ సంగతి ఇంకా అన్యాయం. పొడి ఎండలుండే ఊళ్లలో అది గదిని చల్లబరుస్తుంది గానీ, అమలాపురం, నరసాపురం గాలిలో ఉన్న తడికి ఇంకాస్త తడి కలిపి ఊరుకుంటుంది.

డాబా ఇల్లయితే కింది అంతస్తులో ఉత్తరం వైపో తూర్పు వైపో ఉన్న గది చూడండి. మేడ మీది గది వద్దు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. పెంకుటిల్లయితే నడిమి గది మేలు. పెరట్లో కొబ్బరిచెట్ల నీడ చల్లగా ఉంది కదా, అక్కడ పెడదాం అనిపిస్తుంది. ఆ ఆలోచన మానుకోండి. పిల్లి, ముంగిస, పాము, పందికొక్కు, కాకి, ఇవన్నీ ఆ నీడ పంచుకునేవే. పైనుంచి కొబ్బరిమట్టో, బొండమో ఎప్పుడు రాలుతుందో చెప్పలేం.

వంటింటి పక్కన కూడా వద్దు. ఎండుమిర్చి తాళింపు ఘాటుకు మనమే దగ్గుతాం. వీటి ఊపిరితిత్తులు ఇంకా సున్నితం. ఒకసారి జలుబులా మొదలైతే న్యుమోనియా దాకా పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్ట పొగ కూడా అదే లెక్క. దోమలు లేకుండా గోదావరి జిల్లాలు లేవు కాబట్టి, సాయంత్రం కాగానే పంజరం మీద చిన్న దోమతెర వేసేయండి. పిల్లల ఉయ్యాలకు వాడేది సరిగ్గా సరిపోతుంది. అంచులు మాత్రం అవి కొరకలేనంత ఎడంగా ఉండాలి.

శబ్దం విషయంలో కొందరు అతి జాగ్రత్తకు పోయి, ఎవరూ తొక్కని ఖాళీ గదిలో పెడతారు. నాకది నచ్చదు. ఎప్పుడో ఒకసారి తలుపు తీసుకుని వచ్చే మనిషి వాటికి ఎప్పటికీ కొత్తవాడే, ప్రతిసారీ ఉలిక్కిపడతాయి. మనుషులు కూర్చుని మాట్లాడుకునే హాల్లో, నడిచే దారికి పక్కగా, రెండు వైపులా గోడ ఉన్న మూల దొరికితే అదే అసలైన చోటు. వెనకాల గోడ ఉంటే అటు నుంచి ఎవరూ రారన్న ధీమా వాటికి ఉంటుంది. వాషింగ్ మెషిన్, మోటారు స్విచ్చి, ఢాం అని పడే తలుపు, వీటికి మాత్రం దూరంగా ఉండాలి. మనకు వినపడని సన్నని కూతలు కూడా వినే చెవులవి.

ఆ మూలలో ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి పెట్టండి. గోడకు ఎత్తున తగిలిస్తే లాభం లేదు, వాటి తల ఎత్తులో ఉండాలి.

ఎన్నింటిని తేవాలి

ఒక్కదాన్ని తేవద్దు. ఇవి మందలో బతికే జీవులు. మీరు ఎంత ముద్దు చేసినా రాత్రి మీరు పడుకున్నాక దానికి తోడు మరో గినీ పిగ్గే. రెండు ఆడవి అయితే చిక్కులు తక్కువ. రెండు మగవి కూడా, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే, చోటు విశాలంగా ఉంటే బాగానే ఉంటాయి. మూడు మగవి మాత్రం కొట్టుకు చస్తాయి. ఆడా మగా కలిపి తెచ్చారంటే 59 నుంచి 72 రోజుల్లో పిల్లలు. ఆ పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. మగ పిల్ల మూడు వారాలకే తల్లిని చూలు చేయగలదు. పైగా ఏడెనిమిది నెలలు దాటాక తొలిసారి చూలైన ఆడదానికి కటి ఎముకలు బిగుసుకుపోయి కాన్పు ప్రాణం మీదికి వస్తుంది. "రెండూ ఆడవేనండీ, గ్యారంటీ" అని షాపులో చెప్పిన మాటను వదిలేసి, కొన్న వెంటనే తెలిసిన పశువుల డాక్టరుకు చూపించండి.

కుందేలుతో కలిపి ఉంచొద్దు. కుందేలు వెనక కాలితో ఒక్క తన్ను తన్నిందంటే నడుం విరుగుతుంది. దానికి ఏమీ చేయని క్రిమి కూడా వీటికి జబ్బు తెస్తుంది.

ఇల్లు కట్టడం

షాపుల్లో అమ్మే రంగురంగుల పంజరాలు చాలావరకు చిన్నవి. రెండింటికి కనీసం నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉండాలి. ఎత్తు వాటికి అక్కర్లేదు. ఎక్కేవి, దూకేవి కావు, పరిగెత్తేవి. రెండంతస్తుల పంజరం చూసి మురిసిపోకండి, నేల ఎంత ఉందో కొలవండి.

మీ ఊరి వడ్రంగికి చెబితే ఒక పూటలో చేసిచ్చే పని ఇది. చుట్టూ పదహారు అంగుళాల ఎత్తు చెక్క చట్రం, దానికి అర అంగుళం కంత ఉన్న ఇనప వెల్డ్ మెష్, పైన గడియ పడే మూత. కోళ్ల గూళ్లకు వాడే పల్చటి షట్కోణం జాలీ వద్దు, పందికొక్కు దాన్ని కొరికి పారేస్తుంది. పక్కలకు, పైకి జాలీ ఉండొచ్చు గానీ నేలకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. వీటి పాదాలకు అడుగున బొచ్చు ఉండదు. తీగల మీద నడిస్తే అరికాళ్లు పుండ్లు పడి, వాచి, ఎముక దాకా చీము పడుతుంది. నేలకు ప్లైవుడ్ వేసి, దాని మీద పాత ఫ్లెక్సీ పరిస్తే మూత్రం చెక్కలోకి ఇంకదు. ఎన్నికలయ్యాక ఏ వీధిలోనైనా దొరుకుతాయి. నాయకుడి ముఖం కిందికి పెట్టాలా పైకి పెట్టాలా అన్నది మీ ఇష్టం. అంచులు మాత్రం చట్రం బయటికి మడిచి మేకులు కొట్టండి, లోపల అంచు కనబడితే కొరికి మింగుతాయి.

పంజరాన్ని అడుగు ఎత్తు బల్ల మీద పెట్టండి. వానాకాలం గచ్చు చెమ్మ తగలదు, నేల మీద పాకేవీ అంత సులువుగా అందుకోలేవు. చీమల బెడద ఉంటే పాత రోజుల్లో పాల అలమర కాళ్ల కింద పెట్టినట్టు నాలుగు గిన్నెల్లో నీళ్లు పోసి బల్ల కాళ్లు అందులో ఉంచండి. రెండు రోజులకోసారి ఆ నీళ్లు పారబోయకపోతే దోమలు అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతాయి.

లోపల దాక్కునే చోట్లే వాటి ప్రశాంతతకు మూలం. జంతువులెన్నింటికో ఆహారంగా బతికిన జాతి ఇది. కప్పు కింద దూరే వీలుంటేనే ధైర్యంగా బయట తిరుగుతాయి. రెండు ఉంటే మూడు గూళ్లు పెట్టండి, ప్రతి గూటికి రెండు దారులుండాలి. ఒకే దారి ఉంటే ఒకటి లోపల కూర్చుని రెండోదాన్ని రానివ్వదు, లేదా బయటిది వచ్చి లోపలిదాన్ని మూలకు తోసి కరుస్తుంది. వీటికోసం డబ్బు తగలేయక్కర్లేదు. అట్టపెట్టెకు రెండు పక్కలా తలుపులు కోస్తే నెల రోజులు వస్తుంది. కుమ్మరి దగ్గర పగులిచ్చిన పెద్ద కుండ అడిగి, మూతి వైపు, అడుగు వైపు కొట్టించి, అంచులు రాయితో నున్నగా అరగదీసి అడ్డంగా పడుకోబెట్టండి. ఎండాకాలం మట్టి చల్లగా ఉంటుంది, కడిగితే వాసన పోతుంది. నా లెక్కలో షాపు ప్లాస్టిక్ ఇగ్లూ కన్నా ఇదే నయం.

చక్రాలు, లోపల పెట్టి దొర్లించే బంతులు కొనకండి. అవి ఎలుకజాతిలో సన్నటి ఒంటివాటికి. వీటి వెన్ను అలా వంగదు.

కింద ఏం పరవాలి

మన దగ్గర ఎవర్నడిగినా ముందు చెప్పేది ఊక. రైస్ మిల్లు ఉన్న ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, కోళ్ల షెడ్లలో వాడతారు. గినీ పిగ్‌లకు వాడొద్దు. మొనలు కంట్లో గుచ్చుకుంటాయి, దుమ్ము ముక్కులోకి పోతుంది, మూత్రం పీల్చదు. దుమ్ము విషయంలో కొబ్బరి పొట్టుదీ ఇదే కథ. టింబర్ డిపో రంపపు పొట్టులో ఏయే చెక్కలు, ఏ ప్లైవుడ్ జిగురు కలిశాయో తెలియదు.

గుడ్డ పరుపే మనకు కుదురుతుంది. అడుగున పాత కాటన్ దుప్పటి రెండు మూడు మడతలు, పైన ఫ్లీస్ గుడ్డ (చలి దుప్పట్లకు వాడే మెత్తటి సింథటిక్ గుడ్డ). ఫ్లీస్ తడిని కిందికి దించి తాను పొడిగా ఉంటుంది. కొత్త ఫ్లీస్‌ను ముందు రెండు మూడుసార్లు వేడినీళ్లలో ఉతికితేనే ఆ గుణం వస్తుంది. కంఫర్ట్ లాంటి సువాసన ద్రావణాలు వేస్తే మళ్లీ పోతుంది. పెంటికలు రోజూ చిన్న చీపురుతో ఊడ్చేయండి. గుడ్డలు మూడు నాలుగు రోజులకోసారి మార్చండి.

ముసురు పట్టిన రోజుల్లో అసలు పరీక్ష ఇక్కడే. వారం రోజులు ఎండ మొహం కనపడదు, గుడ్డలు ఆరవు. సగం తడి గుడ్డ పరిస్తే బొచ్చు కింద తామర లేస్తుంది. అది ఎత్తుకున్న పిల్లల చేతులకూ అంటుకుంటుంది. అందుకే జూన్ లోపే నాలుగు జతలు సిద్ధం చేసుకోండి. అప్పటికీ చాలకపోతే ఆ వారం పాటు ఫ్లీస్ కింద న్యూస్ పేపర్ మందంగా వేసి రోజూ మార్చండి. ఇస్త్రీ పెట్టెతో తడి లాగేయడం కూడా చిన్న ఉపాయమే.

గడ్డి, గడ్డి, ఆ తర్వాతే మిగతావి

వీటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. రెండూ సవ్యంగా నడవాలంటే రోజంతా పీచు గడ్డి నమలాలి. తిండిలో ఎనభై శాతం గడ్డే అనుకోండి. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లలో వచ్చే తిమోతీ గడ్డి మంచిదే గానీ ఖరీదు. గడ్డిమేటు నుంచి లాక్కొచ్చిన వరిగడ్డి దానికి బదులు కాదు. పశువు నెమరువేసి లాగించేస్తుంది గానీ వీటికి అందులో బలం లేదు. పడుకోవడానికి గుప్పెడు వేయొచ్చు, బూజు వాసన లేకపోతేనే.

మన చేతిలో ఉన్న అసలు సరుకు గరిక. ఒక పోచ అందించి చూడండి. చివర పళ్ల మధ్య పెట్టుకుని, ముందుకాళ్ల సాయం లేకుండా, దవడ పక్కలకు గబగబా ఆడిస్తూ పోచను లోపలికి లాక్కుంటూ పోతుంది. కణుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, పుటుక్కున తెంపి, మళ్లీ మొదలు. పోచ మీ వేళ్ల దాకా వచ్చేసరికి ముక్కు కదులుతూ ఇంకోదాని కోసం వెతుకుతుంది.

గరిక ఎక్కడ కోస్తారన్నది చూసుకోవాలి. సార్వా (వానాకాలం వరి) అయినా దాళ్వా (రెండో పంట) అయినా పొలం గట్టు మీదికి పురుగుమందు తుంపర వస్తుంది. భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద గడ్డిమందు కొట్టి ఉండొచ్చు. రోడ్డు పక్కది కుక్కలు తడిపినది. మీ పెరడో, మందు కొట్టని కొబ్బరితోటో, తొట్టెలో మీరే పెంచుకున్నదో అయితే భయం లేదు. కోసి కుప్పగా వదిలేసిన పచ్చగడ్డి లోపల వేడెక్కుతుంది, అది పెడితే పొట్ట ఉబ్బుతుంది. కోసిన పూటే కడిగి, నీళ్లు విదిలించి పెట్టండి. అలవాటు లేని దానికి మొదటి వారం గుప్పెడుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. మొక్కజొన్న ఆకు కూడా తింటాయి. లేత జొన్న మాత్రం వద్దు. దాన్ని మేసి పశువులకు నాము అనే విషం తగలడం రైతులందరికీ తెలిసిందే, ఇంత చిన్న ప్రాణంతో ఆ ప్రయోగం ఎందుకు.

ఏడాదికి సరిపడా ఎండబెట్టుకోవాలంటే సంక్రాంతి వెళ్లాక వచ్చే పొడి ఎండలు మంచి అదను. పొద్దున్నే మంచు ఆరాక కోయండి. డాబా మీద పాత చీర పరిచి పల్చగా ఆరబోసి, పూటకోసారి తిరగేయండి. రాత్రి మంచుకు తడవకుండా లోపలికి తెచ్చేయాలి. రెండు మూడు రోజులకు, చేతిలో మెలేస్తే విరగాలి, రంగు మాత్రం పచ్చదనం పోకూడదు. నలిపితే తియ్యటి వాసన రావాలి. ముక్కిపోయిన వాసన వస్తే మొహమాటం లేకుండా పారేయండి. గుడ్డ సంచిలో వదులుగా నింపి దూలానికి వేలాడదీస్తే చెమ్మకీ, ఎలుకలకీ దూరం. ప్లాస్టిక్ సంచిలో కట్టారో, ఆషాఢం దాటకముందే బూజు.

గడ్డి తర్వాత ముఖ్యమైనది విటమిన్ సి. మనలాగే వీటి ఒంట్లోనూ అది తయారవదు. రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా బయటినుంచే అందాలి. అందకపోతే కీళ్లు వాచి, బొచ్చు గరుకై, నడవడానికి మొరాయిస్తాయి. క్యాప్సికం ముక్క రోజూ పెట్టండి. కొత్తిమీర, కీరా మార్చి మార్చి ఇవ్వండి. కూరలన్నీ కలిపి ఒక్కోదానికి రోజుకు ఒక కప్పు. జామకాయలో సి విటమిన్ నారింజను మించి ఉంటుంది గానీ తీపి కూడా ఉంది, వారానికి రెండు సార్లు చిన్న బద్ద చాలు. విటమిన్ చుక్కలు నీళ్లలో కలపడం వృథా, గంటల్లో పోతుంది, నీళ్ల రుచి మారి తాగడం మానేస్తాయి. గినీ పిగ్‌ల కోసం చేసిన పెల్లెట్లు (గుళికల మేత) రోజుకు రెండు చెంచాలు, చిన్న ప్యాకెట్టే కొనండి. తయారైన మూడు నెలలకు అందులోని సి విటమిన్ చాలావరకు పోతుంది, మన ఉక్కలో ఇంకా ముందే. కుందేళ్ల పెల్లెట్లలో అది కలపరు.

పాలకూర, తోటకూర, గోంగూర రోజూ వద్దు, మూత్రంలో రాళ్లు కట్టే రకాలు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చేమాకు అసలే వద్దు. అన్నం, నూకలు, తవుడు, బిస్కెట్, పెరుగు కూడా అంతే. చుట్టాలొచ్చి ప్రేమగా పూతరేకు ముక్క అందించబోతారు, ఆత్రేయపురం నుంచి తెచ్చిందైనా సరే ఆపేయండి. కడియం నర్సరీ నుంచి తెచ్చుకున్న అలంకరణ మొక్కలు అందుబాటులో ఉంచకండి. మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, గన్నేరు అన్నీ విషాలే.

నీళ్లు మీరు తాగేవే పోయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వేసవిలో కాలువలు కట్టేశాక మరీనూ. గొట్టం ఉన్న సీసాను రోజూ వేలితో నొక్కి చూడండి. గొట్టం చివరి గుండు ఇరుక్కుపోతే సీసా నిండుగానే ఉంటుంది, అవి మాత్రం దాహంతో ఉంటాయి.

తెచ్చిన మొదటి వారం

పొద్దున చల్లపూట తీసుకురండి. పంజరంలో వదిలి, గడ్డి, నీళ్లు పెట్టి, పక్కకు తప్పుకోండి. ఇది పిల్లలకు చాలా కష్టమైన దశ. మొదటి రోజు మూల నక్కి, కదలకుండా, కళ్లు విప్పార్చుకుని ఉంటే "చూడు ఎంత బుద్ధిగా ఉందో" అంటారు. అది బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోవడం. రెండో రోజు నుంచి పంజరం పక్కన కింద కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోండి, పేపర్ చదువుకోండి. చేయి పైనుంచి దించొద్దు. పైనుంచి వచ్చేది గద్ద అని వాటి రక్తంలో ఉంది. పక్కనుంచి, కొత్తిమీర కాడ పట్టుకుని, నేలకు ఆనించి చాపండి. మొదట లాక్కుని పారిపోతాయి. కొన్నాళ్లకు అక్కడే నిలబడి తింటాయి.

ఎత్తుకోవాల్సి వస్తే ఒక చేయి ఛాతీ కింద, రెండోది పిర్రల కింద. పిల్లలు నేల మీద కూర్చుని, ఒళ్లో తువ్వాలు వేసుకునే పట్టుకోవాలి. నిలబడి ఎత్తుకుంటే చేజారి పడి పళ్లు, కాళ్లు విరుగుతాయి. ఫ్రిజ్ తలుపు చప్పుడుకే "వీక్ వీక్" మని కేకలు మొదలైతే, గడ్డి చూసి ఉన్నచోటనే ఎగిరి గెంతితే, ఇల్లు వాటికి నచ్చినట్టే. పళ్లు టకటకలాడిస్తే చేయి వెనక్కి తీసుకోండి.

స్నానాలు చేయించక్కర్లేదు. గోళ్లు నెలకోసారి కత్తిరించాలి, మొదటిసారి డాక్టరు దగ్గర చూసి నేర్చుకోండి.

ఎండాకాలం

మార్చి నెలాఖరుకే ఏర్పాట్లు అయిపోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అప్పుడు పరిగెత్తితే లాభం లేదు. ఏసీ ఉంటే మధ్యాహ్నం వాటిని ఆ గదిలోకి మార్చి 25, 26 మీద పెట్టండి, గాలి నేరుగా తగలకూడదు. "ఆయ్, ఎలకలకి ఏసీ ఏంటండీ" అని పక్కింటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఏసీ లేకపోతే లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి, పాత సాక్సులో దూర్చి, పంజరంలో ఒక పక్కన పెట్టండి. కావాలంటే ఆనుకుంటాయి, వద్దంటే రెండో పక్కకు పోతాయి. రెండు జతలుంటే ఒకటి ఫ్రీజర్లో, ఒకటి పంజరంలో తిప్పుకోవచ్చు. రాతి పలకో టైల్ ముక్కో ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చి వేయండి. పడమటి కిటికీలు పొద్దున పదింటికే మూసి తెర లాగండి, రాత్రి గాలి తిరిగాక తెరవండి. కిటికీకి తడి దుప్పటి కట్టే పాత పద్ధతి తేమ ఎక్కువున్న రోజున పనిచేయదు, మీటర్ చూసి నిర్ణయించుకోండి. కరెంటు పోయినా ఫ్యాన్ ఆగకుండా ఇన్వర్టర్ లైను ఆ మూలకు ఉండాలి. పొడుగు బొచ్చు రకమైతే కత్తిరించేయండి.

పక్కకు సాగిలబడి, గబగబా ఊపిరి తీస్తూ, నోటి చుట్టూ తడి కనబడితే వడదెబ్బే. వెంటనే చల్లని గదిలోకి తీసుకెళ్లి, మామూలు చల్లనీళ్లతో చెవులు, పాదాలు తడపండి. ఐసు నీళ్లలో ముంచకండి, నోట్లో నీళ్లు పోయకండి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

పండగ మోత

దీపావళి ఒక్కటే అయితే ఎలాగో గట్టెక్కొచ్చు. మనకు భోగి మంటల పొగ, మూడు రోజుల కోడిపందాలు, బరి దగ్గర డీజే, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, చవితి మండపాలు, ఊరి జాతర, అన్నీ ఉన్నాయి. ముందు రోజే పంజరాన్ని వీధికి దూరంగా లోపలి గదికి మార్చండి. మూడు వైపులా మందపాటి దుప్పట్లు కట్టి ఒక వైపు గాలికి వదలండి. గడ్డి మామూలు కన్నా రెండింతలు, లోపల దూరిపోయేటంత కుప్పగా పోయండి. ఫ్యాన్ మోత బయటి చప్పుడును కొంత మింగేస్తుంది. భోగి పొద్దున కిటికీలు మూసేయండి. సెలవులకొచ్చిన పిల్లలందరికీ ఒకటే రూలు పెట్టండి: చూడొచ్చు, కాడ అందించొచ్చు, ఎత్తుకోవడానికి లేదు.

జబ్బు, డాక్టరు

కూరగాయలు తూచే చిన్న డిజిటల్ కాటా మీద వారానికోసారి బుట్టతో సహా తూచి రాసుకోండి. పెద్దది 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటుంది. వారంలో 50 గ్రాములు తగ్గితే కన్నేసి ఉంచాలి, 100 తగ్గితే ఆగకూడదు. జబ్బును దాచుకోవడం వీటి స్వభావం, కాటా ఒక్కటే ముందు చెబుతుంది. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీ, రేపు చూద్దాం అనుకోవద్దు.

మెడికల్ షాపులో అడిగి మందులు వేసే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. వీటి విషయంలో అది ప్రాణం తీస్తుంది. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా పడితే పేగుల్లోని మంచి క్రిములు చచ్చిపోయి జంతువే పోతుంది. కొత్త డాక్టరు దగ్గర ఈ మాట మీరే ముందు చెప్పండి, తప్పేం లేదు. మన ఊళ్ల ఆసుపత్రుల్లో ఎక్కువగా గేదెలు, కోళ్లే చూస్తారు. కాబట్టి జంతువును తెచ్చే ముందే రాజమండ్రి, కాకినాడ, భీమవరాల్లో చిన్న జంతువులు చూసే డాక్టరు ఎవరో కనుక్కుని నంబరు గోడ మీద రాసుకోండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల కూడా ఉంది.

తుపాను, వరద

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ మరిచిపోలేదు. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు లంకల్లో (ఏటి మధ్య దిబ్బల మీది ఊళ్లలో) ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మనుషులు కట్టుబట్టలతో బయటపడే వేళ పంజరం ఎత్తుకెళ్లలేరు కాబట్టి, మూత పడే గట్టి ప్లాస్టిక్ బుట్ట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. పక్కలా, మూతకూ గాలి కంతలుండాలి. అందులో ఒక ఫ్లీస్ గుడ్డ, జిప్ కవర్లో వారానికి సరిపడా ఎండుగడ్డి, చిన్న పెల్లెట్ ప్యాకెట్, నీళ్ల సీసా, డాక్టరు చీటీ.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టాన్ని బట్టి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75 అడుగులకు, మూడోది 17.75 అడుగులకు ఇస్తారు. లంకలోనో ఏటిగట్టు పక్కనో ఉంటే మొదటి హెచ్చరిక వినగానే బుట్ట దింపి సరిచూసుకోండి, రెండోది రాకముందే వాటిని గట్టు ఇవతల చుట్టాలింటికి చేర్చేయండి. పునరావాస కేంద్రంలో కుక్కలు, జనం, మోత అన్నీ ఉంటాయి, అక్కడ వాటిని కుదురుగా ఉంచడం కష్టం. ఆలస్యమై పడవ ఎక్కాల్సి వస్తే బుట్టను ఒళ్లో పెట్టుకుని మీద తువ్వాలు కప్పండి. పడవ అడుగున నీళ్లు నిలుస్తాయి, బుట్ట అక్కడ పెట్టొద్దు.